కంచం ముందు పరీక్ష

బారిస్టరు కావాలంటే ఒకప్పుడు లండన్‌లో రెండు పనులు చేయాలి. ఒకటి పరీక్షలు రాయడం, రెండోది భోజనాలు చేయడం. ఎకసెక్కానికి అంటున్న మాట కాదిది. లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్ అని అక్కడ నాలుగు సంస్థలున్నాయి. వాటిలో ఒకదానిలో పేరు రాయించుకుని 12 టర్ములు, అంటే దాదాపు మూడేళ్ళు, గడపాలి. టర్ము గడిచినట్టు లెక్క కట్టేది పాఠాల హాజరుతో కాదు, ఆ సంస్థ భోజనశాలలో విందుల హాజరుతో. గాంధీగారు ఈ లెక్క ఆత్మకథలో విడమరిచి రాశారు. టర్ముకు సుమారు 24 విందులుంటే కనీసం ఆరింటికి వెళ్ళాలి. తినకపోయినా పరవాలేదు. వేళకు వెళ్ళి, విందు ముగిసేదాకా కూర్చుంటే చాలు. పరీక్షలంటారా, రోమన్ లాలో నూటికి 95 మందికి పైగా గట్టెక్కేవారట. రెండు వారాలు నోట్సు తిరగేసి రోమన్ లా, రెండు మూడు నెలలు చదివి కామన్ లా దాటేసినవాళ్ళు తనకు తెలుసునంటారాయన.

గుంటూరు జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి నేను. ప్లేస్‌మెంట్ల కాలం వచ్చాక ఇంగ్లీషు మాస్టారి నెత్తిన ఇంగ్లీషొక్కటే ఉండదు. టై కట్టించడం, చేయి కలపడం నేర్పించడం, కుర్చీ చివర కూర్చోవద్దని చెప్పడం, ఆఖరికి క్యాంటీన్ ఇడ్లీని ఫోర్కుతో తినిపించడం కూడా ఆయన పనే. మొదట్లో నా సహోద్యోగులు కొందరు దీన్ని చూసి నవ్వేవారు. షేక్స్‌పియర్ చెప్పాల్సినవాడు చెంచాలు లెక్కపెడుతున్నాడని వాళ్ళ బాధ. నాకు మాత్రం ఈ చెంచాల వెనకున్న చరిత్ర షేక్స్‌పియర్‌కేమీ తీసిపోదనిపించింది. ఉద్యోగానికీ కంచానికీ ఈ పీటముడి ఎక్కడ పడిందో వెతుక్కుంటూ పోతే మొదట దొరికినవి ఈ లండన్ విందులే.

గాంధీగారు 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడెక్కారు. కత్తీ ఫోర్కూ పట్టడం తెలియదు. ఏ వంటకంలో మాంసం ఉందో అడగడానికి నోరు రాదు. అందుకని భోజనాల బల్ల దగ్గరికే వెళ్ళలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పళ్ళూ తింటూ గదిలోనే కాలక్షేపం చేశారు. పద్దెనిమిది నిండి పంతొమ్మిది రాని కుర్రాడు. ఈ రోజు మా హాస్టల్లో చేరే పిల్లల ఈడే.

లండన్‌లో దిగాక డాక్టర్ ప్రాణజీవన్ మెహతా చూడ్డానికి వచ్చారు. ఆయన సిల్కు టోపీ మీద గాంధీగారు ఊరికే చేయి వేసి, నూగుకు ఎదురుగా నిమిరారు. మెహతాగారు కాస్త కోపంగానే చూసి, అక్కడికక్కడే మొదటి పాఠం చెప్పేశారు. ఇతరుల వస్తువులు ముట్టుకోకూడదు. తొలి పరిచయంలోనే మన ఊళ్ళో అడిగే ప్రశ్నలన్నీ అడగకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. మాట్లాడే ప్రతి మనిషినీ ‘సర్’ అని పిలవకూడదు, అక్కడ అలా పిలిచేది నౌకర్లు తమ యజమానిని. నాలుగు ముక్కలు, అంతే. నేను చూసిన మర్యాద పాఠాల్లో ఇంతకంటే మంచిది లేదు. ఎందుకు మంచిదంటే, అందులో ‘మనవాళ్ళు మోటువాళ్ళు’ అన్న మాట లేదు. ఇక్కడి రివాజు ఇది, తెలుసుకో, అన్నారంతే. ఎవరో ఒకరు విప్పి చెప్పకపోతే ఇలాంటి సంగతులు కుర్రాడికి తెలిసే దారి లేదు.

ఆ తరవాతి అధ్యాయం అందరికీ తెలిసిందే, అయినా లెక్కలు చూడదగ్గవి. బాండ్ స్ట్రీట్‌లో పది పౌండ్లు పెట్టి సాయంత్రపు సూటు. 19 షిల్లింగుల పొడుగాటి టోపీ. అన్నగారిచేత పంపించుకున్న రెండు పేటల బంగారు గొలుసు గడియారానికి. డాన్సుకి మూడు పౌండ్లు, వయొలిన్‌కి మూడు పౌండ్లు, ఉపన్యాస కళ నేర్పే మాస్టారికి ఒక గినీ. రోజూ అద్దం ముందు పది నిమిషాలు టై సర్దుకోవడం, పాపిడి తీసుకోవడం. ఇదంతా మూడు నెలలు సాగి ఆగిపోయింది. ఇప్పటి మన శిక్షణ సంస్థలు ‘పర్సనాలిటీ డెవలప్‌మెంట్’ పేరుతో అమ్మే సరుకంతా ఇందులో ఉంది, వయొలిన్ తప్ప.

విందుల దగ్గరికి వద్దాం. నలుగురు విద్యార్థుల జట్టుకు రెండు సీసాల వైను ఇచ్చేవారు. గాంధీగారు తాగరు కనక ఆయన కూర్చునే జట్టులో మిగిలిన ముగ్గురికీ పండగ. అందుకే మా జట్టులోకి రమ్మంటే మా జట్టులోకి రమ్మని పిలిచేవారట. షాంపేన్ కూడా పోసే ‘గ్రాండ్ నైట్’ రోజున మరీ గిరాకీ. మొదట్లో ఆయన తిన్నది రొట్టె, ఉడికించిన బంగాళాదుంప, క్యాబేజీ. తరవాత ఇంకో శాకాహారి పార్సీ విద్యార్థితో కలిసి సంస్థ పెద్దలకు అర్జీ పెట్టుకున్నారు. అర్జీ మంజూరైంది, పెద్దల బల్ల మీది పళ్ళూ కూరగాయలూ వీళ్ళ ముందుకొచ్చాయి. మర్యాద నేర్చుకోవడమంటే పెట్టిందల్లా తినడం కాదని, పద్ధతిగా అడగడం కూడా మర్యాదేనని మా పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఈ అర్జీ కథే చెప్పేవాణ్ణి.

ఈ విందులకు పూర్వం ఒక అర్థం ఉండేదని గాంధీగారే అంటారు. విద్యార్థులు కొద్దిమంది ఉన్న రోజుల్లో పెద్ద లాయర్లూ వాళ్ళూ ఒకే చోట తింటూ మాట్లాడుకునేవారు, ఆ మాటల్లో లోకజ్ఞానం అబ్బేది. ఆయన వెళ్ళేనాటికి పెద్దల బల్ల వేరు, పిల్లల బల్ల వేరు. అర్థం పోయి ఆచారం మిగిలింది. డబ్లిన్‌లోని కింగ్స్ ఇన్స్‌లోనూ ఇదే పద్ధతి. మన వి.వి. గిరి 1913 నుంచి 1916 దాకా అక్కడ చదివినవారే.

తెలుగువాళ్ళలో ఈ దారి పట్టినవారి గురించి తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది టంగుటూరి ప్రకాశం. తండ్రి చిన్నతనంలోనే పోతే, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. నలుగురికీ విస్తరి వేసి, వడ్డించి, ఆ డబ్బుతో చదివించింది. ఆ కొడుకు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా గొప్ప పేరు తెచ్చుకున్నాడు. కానీ హైకోర్టులో వాదించే హక్కు ఆ పట్టాకు లేదు. 1904లో లండన్ వెళ్ళి, బారిస్టరై, 1907లో మద్రాసులో ప్రాక్టీసు పెట్టాడు. పూటకూళ్ళమ్మగారి అబ్బాయి భోజనశాలలో హాజరు వేయించుకుని మరీ పై కోర్టు గుమ్మం దాటాడన్నమాట. తెలివితేటలు అంతకు ముందూ ఉన్నవే. మధ్యలో అదనంగా చేరినవి పట్టా, విందులు, పెద్ద ఖర్చు.

వెళ్ళినవాళ్ళ పాట్లు నవ్వుకోవాలంటే మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ ఉంది. మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు, తెలియక ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని నెత్తిన పెట్టుకున్నవాడు. చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వని తెలుగువాడు అరుదు. అయితే ఒక్క సంగతి మరిచిపోతుంటాం. శాస్త్రిగారు స్వయంగా ఎడింబరోలో చదువుకొచ్చారు. ఆ నవ్వు బయటివాడు వెక్కిరించిన నవ్వు కాదు, ఆ గుమ్మం దాటి వచ్చినవాడు నవ్వుకున్నది. పార్వతీశాన్ని మనం ప్రేమించడానికి కారణం అదే అనుకుంటాను.

ఇక తిరుగు ప్రయాణం. విదేశానికి వెళ్తున్నాడని గాంధీగారిని కులపెద్దలు ముందే వెలి వేశారు. సాగనంపడానికి రేవుకు వెళ్ళినవాళ్ళకు రూపాయి నాలుగణాల జరిమానా అన్నారు. తిరిగొచ్చాక అన్నగారు నాసిక్ తీసుకెళ్ళి నదీస్నానం చేయించి, రాజ్‌కోటలో కులస్థులకు విందు పెట్టించారు. అక్కడ విందులు తిని లాయరయ్యారు, ఇక్కడ విందు పెట్టి కులంలో కలిశారు. రెండు చోట్లా పరీక్ష జరిగింది విస్తరి దగ్గరే.

మన బంతి భోజనానికీ సూత్రాలు తక్కువేం కావు. అందరి ఆకుల్లో వడ్డన అయ్యేదాకా ముద్ద ఎత్తకూడదు. పక్కవాడి ఆకులోకి తొంగి చూడకూడదు. పెద్దలు లేవకముందు లేవకూడదు. అయిదేళ్ళ పిల్లవాడు కూడా ఇవన్నీ ఎవరూ పుస్తకం ఇవ్వకుండా నేర్చుకుంటాడు. కానీ ఈ బంతి గురించి మురిసిపోయే వ్యాసాలు చదివినప్పుడు నాకు చిరాకేస్తుంది. ఎవరు ఎవరి సరసన కూర్చోకూడదో తేల్చిందీ ఈ బంతే కదా. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం చేయించినప్పుడు వెళ్ళినవాళ్ళు పడిన కష్టాలన్నీ వెలి చుట్టూ తిరిగాయి. వెలి అంటే పంక్తిలోంచి లేపేయడం. లండన్ బల్ల ఫోర్కు తెలియనివాణ్ణి నవ్వి వదిలేసింది. మన బంతి పుట్టుకను బట్టి అసలు కూర్చోనివ్వలేదు. ఈ రెండో మాట చెప్పకుండా మొదటిది చెప్పే మాస్టారు సగం పాఠమే చెప్పినట్టు.

దొరలకు మాత్రం పరీక్షలు లేవా అంటే ఉన్నాయి. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టింది సీమ నుంచి దిగిన కుర్ర ఉద్యోగులకు మన భాషలు నేర్పడానికే. 1817లో మద్రాసు చేరిన సి.పి. బ్రౌన్ తెలుగు ఓనమాలు దిద్దుకున్నది ఆ ఏర్పాటులోనే. పందొమ్మిదో ఏట ఉన్న ఇంగ్లీషు కుర్రాడు తెలుగు పంతులుగారి ముందు కూర్చుని తడబడటం ఊహించుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది. తేడా ఒక్కటే. ఆయన తడబడితే ఉద్యోగం పోదు.

మనవాళ్ళ తడబాటుకు ఖరీదు ఎక్కువ. మెకాలే కమిటీ 1854లో సిఫారసు చేస్తే, 1855 నుంచి సివిల్ సర్వీసుకు లండన్‌లో బహిరంగ పోటీ పరీక్ష మొదలైంది. కాగితం మీద అందరికీ ఒకటే కొలత. అందులో ఎంపికైన తొలి భారతీయుడు సత్యేంద్రనాథ్ టాగోర్, 1863లో. అయితే రాతపరీక్ష నెగ్గాక గుర్రపు స్వారీ ఉండేది. అరవిందుడు 1890లో రాతపరీక్షలో పదకొండోవాడిగా నెగ్గి, రెండేళ్ళ శిక్షణ చివర ఈ స్వారీ గండం దాటకుండానే బయటపడ్డాడు. ఆయనకు ఆ కొలువు మీద మనసు లేక కావాలనే తప్పించుకున్నాడన్నది వేరే సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి లీథ్స్ కమిటీ 1917లో ఇంకో మెట్టు కట్టింది. పెద్దమనుషులు అభ్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించి 300 మార్కులకు కొలవాలంది. కాగితం మీద కనబడనిది మనిషిలో కనబడుతుందని వాదన. నిజమే, కనబడుతుంది. అతను ఏ ఇంట్లో పెరిగాడో, ఏ బడిలో చదివాడో, ఏ బల్ల దగ్గర భోంచేశాడో కనబడుతుంది. 1922లో సివిల్ సర్వీసు పరీక్ష అలహాబాదుకు కూడా వచ్చింది. ముఖాముఖి కూడా వెంట వచ్చింది.

స్వతంత్రం వచ్చాకా అది పోలేదు. 1950 నాటి ఐఏఎస్ ఫలితాల్లో రెండు మార్కుల జాబితాలు పక్కపక్కన పెట్టి చూడండి. అచ్యుతానంద దాస్, షెడ్యూల్డు కులాల నుంచి వచ్చిన మొదటి ఐఏఎస్. రాతపరీక్షలో 1050కి 613. మద్రాసు నుంచి వచ్చిన ఎన్. కృష్ణన్‌కు 602. రాతలో దాస్‌దే పైచేయి. ఇక ముఖాముఖిలో 300కి కృష్ణన్‌కు 260, దాస్‌కు 110. కృష్ణన్ జాబితా పైకి వెళ్ళాడు, దాస్ అడుగుకు చేరాడు. ఆ గదిలో ఏం అడిగారో నేను చూడలేదు, ఎవరికీ దురుద్దేశం అంటగట్టను. కానీ 11 మార్కుల ఆధిక్యం కాసేపటి మాటల్లో 139 మార్కుల వెనకబాటు అయిందంటే, ఆ గదిలో కొలిచినది చదువు మాత్రం కాదు.

న్యాయస్థానం ఈ గదిలోకి తొంగి చూసింది 1980లో. శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రవేశాలకు రాతపరీక్ష 100 మార్కులు, ముఖాముఖి 50. మన వరంగల్ ఆర్‌ఈసీకి ఆ కాలేజీ తోబుట్టువే. ఒక్కొక్క విద్యార్థిని రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టారు. అడిగినవి చాలా మటుకు తండ్రి ఎవరు, ఎక్కడుంటారు అన్న బాపతు ప్రశ్నలు. అజయ్ హాసియా కేసులో సుప్రీంకోర్టు నవంబరులో తీర్పు చెప్పింది. మొత్తంలో 15 శాతం మించి ముఖాముఖికి ఇస్తే అది ఇష్టారాజ్యమే అవుతుందంది. సంభాషణ టేపులో రికార్డు చేస్తే మంచిదని కూడా అంది. అప్పటికే చాలా నెలలు గడిచిపోయినందువల్ల చేరిపోయినవాళ్ళ సీట్లు మాత్రం కదపలేదు. 1985లో హర్యానా కేసులో సివిల్ ఉద్యోగాలకు 12.2 శాతం గీత గీశారు. 2016 జనవరి 1 నుంచి కేంద్రం కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూ తీసేసింది. తెలంగాణ 2022లో 503 పోస్టుల గ్రూప్-1 ప్రకటన ఇంటర్వ్యూ లేకుండానే ఇచ్చింది. సర్కారు వైపు గుమ్మం క్రమేణా కిందికి దిగుతూ వస్తోంది.

ప్రైవేటు వైపు ఏ కోర్టు గీతా లేదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెరిగి, 2000ల్లో ఊరికో ఇంజనీరింగ్ కాలేజీ లేచి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో మొదటి తరం పిల్లలు తరగతుల్లోకి వచ్చాక, ‘హెచ్‌ఆర్ రౌండ్’ అన్న మాట పల్లెల్లో అమ్మమ్మలకు కూడా తెలిసింది. జవహర్ నాలెడ్జ్ సెంటర్లన్నారు, తరవాత నైపుణ్యాభివృద్ధి సంస్థలన్నారు. పాఠం పేరు ఏదైనా మాస్టారు నేనే.

నా దగ్గరకొచ్చే పిల్లలు ‘నీ గురించి చెప్పు’ అనగానే నాన్న పేరు, నాన్న పని, అమ్మ పేరు, ఊరు వరసగా చెప్పేసేవారు. కొత్తగా వచ్చిన శిక్షకుడొకాయన అది వినగానే చేయెత్తి ఆపేవాడు. ‘ఫాదర్ ఫార్మర్ అని ఎవడడిగాడు?’ అనేవాడు. శ్రీనగర్‌లో ఏమో అదే అడిగి మార్కులు వేశారు, ఇక్కడ అదే చెబితే మార్కులు పోతాయంటున్నారు. నేను ఆ వాక్యం తీసేయమనలేదు. దాని పక్కన ఇంకో వాక్యం పెట్టమనేవాణ్ణి. నాన్న మిరప వేస్తాడా, అయితే తెగులు వచ్చిన ఏడాది నువ్వు ఏం చేశావు, బస్తాల లెక్క ఎవరు చూశారు, యార్డులో ధర ఎలా తెలుసుకున్నారు, అది చెప్పు అనేవాణ్ణి. మూడు నిమిషాలు ఇంగ్లీషులో ఆగకుండా మాట్లాడిన మూగనోము పిల్లల్ని చూశాను.

ఫోర్కు పాఠం క్యాంటీన్‌లోనే. రుమాలు ఒళ్ళో. చెంచాల వరసలో బయటి నుంచి లోపలికి. మధ్యలో ఆగితే ఫోర్కు, చాకు ఎడంగా. ముగిస్తే రెండూ పక్కపక్కన, అది వడ్డించేవాడికి సైగ. రొట్టె చాకుతో కోయకుండా చేత్తో తుంచుకోవాలి అనగానే ఎప్పుడూ నవ్వులే. ఇంతోటి దానికి చేయే గతి అయితే ముందు నుంచీ చేత్తో తింటే పోలేదా అని. ఒకమ్మాయి సూటిగానే అడిగింది. ‘సార్, ఉద్యోగంలో చేరాక చూసి నేర్చుకోలేమా? ఇప్పుడెందుకు?’ నేర్చుకోవచ్చమ్మా, కానీ ఆ లోపల నీ గదిలో కూర్చుని మిఠాయిలు తింటూ గడిపే రోజులెన్నో తగ్గించడానికి, అన్నాను. గాంధీగారి ఓడ కథ అప్పుడే చెప్పాను. ఆ అమ్మాయి నమ్మలేదు, లైబ్రరీకి వెళ్ళి చూసుకుంది.

ఈ పాఠం చెప్పడం తప్పనేవాళ్ళతో నేను ఏకీభవించను. గుమ్మానికి తాళం ఉన్నంత కాలం తాళంచెవి దాచడం ఆదర్శం కాదు. కలవారి పిల్లలకు ఆ చెవి ఇంట్లోనే దొరుకుతుంది. మిగిలినవాళ్ళకు తరగతి గదిలో దొరకాలి. తప్పల్లా దాన్ని సంస్కారం అని పిలవడంలో ఉంది. చేత్తో కలుపుకు తినేవాడికి సంస్కారం లేదని, ఫోర్కు పట్టినవాడికి ఉందని చెప్పే శిక్షకుల్ని నేను చూశాను. వాళ్ళు నేర్పేది మర్యాద కాదు, సిగ్గు. ఆ సిగ్గు ఆ పిల్లవాడు ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళమ్మ మీద చూపిస్తాడు.

ఈ ఏడాది ప్లేస్‌మెంట్ తరగతులు మొదలుపెట్టబోయే తోటి మాస్టార్లకు నాదొక విన్నపం. హాస్టల్ మెస్‌లో రెండు డజన్ల ఫోర్కులూ చాకులూ కొనిపించి అక్కడే పడేయండి, పిల్లలు వాళ్ళకు బుద్ధి పుట్టినప్పుడు పట్టి చూసుకుంటారు. ఉత్తుత్తి ఇంటర్వ్యూలు ఒక్కొక్కరికీ కనీసం పావుగంట చేయండి, రెండు నిమిషాల తంతు వద్దు. ప్రశ్నలు ముందు రాసుకుని అందరికీ అవే అడగండి. మాటతీరుకు మార్కులు వేయాల్సి వస్తే విడిగా వేయండి, తెలివి మార్కుల్లో కలపకండి. తినే తీరుకు మాత్రం అసలు మార్కులు వేయకండి.